పని ప్రమాద వర్గీకరణ, కార్మిక పరిహార బీమా ఖర్చు: ఖమ్మం–భద్రాచలం ప్రాంత పరిశీలన

పనిలో కార్మికుడు గాయపడినా, చనిపోయినా చట్టం ప్రకారం యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. ఆ భారాన్ని యజమాని తరఫున బీమా కంపెనీ మోసేలా తీసుకునే పాలసీయే కార్మిక పరిహార బీమా. దీనికి కట్టే ప్రీమియం ముఖ్యంగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, ఏడాదిలో కార్మికులకు ఇచ్చే మొత్తం వేతనం. రెండోది, వాళ్ల పని ఏ ప్రమాద తరగతిలోకి వస్తుందన్నది. పనులను ఇలా తరగతులుగా విడగొట్టే పద్ధతినే పని ప్రమాద వర్గీకరణ అంటారు. పైకి ఇది బీమా కంపెనీల లెక్కల వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ప్రమాదం జరిగాక ఒక కుటుంబానికి డబ్బు ఎవరి నుంచి వస్తుంది, ఎంత త్వరగా వస్తుంది అన్నది చాలాసార్లు పాలసీ తీసుకున్న రోజున కాగితం మీద రాసిన ఆ తరగతిని బట్టే ఉంటుంది.

ప్రాంతం, పనులు

కుసుమంచి ఖమ్మం–సూర్యాపేట రహదారి మీద ఉన్న మండల కేంద్రం. కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం ఇక్కడ ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీది పాలేరు జలాశయం ఈ మండలంలోదే. వరి, పత్తి, మిరప సాగు, జలాశయంలో చేపల వేట, తాటి చెట్ల గీత, ఇళ్ల నిర్మాణం, ట్రాక్టర్లూ లారీలూ నడపడం, హమాలీ పని ఇక్కడి జనం బతుకుతెరువులు. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు, ఆ రాయిని కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. భద్రాచలం అడవుల వైపు సాగితే ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులు, పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం, సారపాక కాగితం మిల్లు వస్తాయి. ఎండాకాలం అడవిలో తునికాకు సేకరణ సాగుతుంది.

బీమా పరిభాషలో చూస్తే, కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే గుమాస్తా నుంచి భూగర్భంలో బొగ్గు తవ్వే కార్మికుడి దాకా దాదాపు అన్ని ప్రమాద తరగతులూ ఈ ఒక్క ప్రాంతంలో కనిపిస్తాయి. పరిహార చట్టం, బీమా పాలసీ, ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా), ప్రభుత్వ ఉచిత పథకాలు అన్నీ ఇక్కడ పక్కపక్కనే పనిచేస్తున్నాయి. వాటి మధ్య ఖాళీలు కూడా ఇక్కడ స్పష్టంగా తెలుస్తాయి.

చట్టం: బాధ్యత ఎవరిది

భారతదేశంలో ఈ బాధ్యతకు పునాది 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం. ఇది 1924 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పట్లో భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో, కుసుమంచి, ఇల్లెందు నిజాం రాజ్యంలో ఉండేవి. అంటే బ్రిటిష్ ఇండియా కోసం చేసిన ఈ చట్టం పరిధి గోదావరి ఒడ్డున ఒక పాలన నుంచి ఇంకో పాలనకు వచ్చేసరికే మారిపోయేది. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిశాకే రెండు వైపులా ఒకే చట్టం వచ్చింది. 2010 జనవరి 18 నుంచి దీని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్–2020 అమల్లోకి రావడంతో ఈ చట్టం అందులో కలిసిపోయింది. పరిహారాన్ని లెక్కగట్టే సూత్రం మాత్రం పాతదే కొనసాగుతోంది. ఇంటి నుంచి పనికి వెళ్లేటప్పుడు, పని నుంచి ఇంటికి వచ్చేటప్పుడు జరిగే ప్రమాదాలను కూడా, పనికీ ప్రమాదానికీ సంబంధం ఉంటే, కోడ్ లెక్కలోకి తీసుకుంటుంది.

చట్టం మూల సూత్రం సులువైనది. పని వల్ల, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే యజమానిదే బాధ్యత. యజమాని తప్పు చేశాడని కార్మికుడు రుజువు చేయనక్కర్లేదు. తాగి పనికి రావడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం లాంటి కారణాలు చూపి కొన్ని గాయాల విషయంలో యజమాని తప్పించుకోగలడు. మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం సంభవిస్తే ఆ కారణాలు కూడా చెల్లవు. పరిహారం వదులుకుంటున్నట్టు కార్మికుడితో ముందే సంతకం పెట్టించుకున్నా ఆ కాగితానికి విలువ లేదు. పనిని మేస్త్రికో, కాంట్రాక్టర్‌కో అప్పగించినా అసలు యజమాని బాధ్యత పోదు. ముందు తాను చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి.

ఏయే పనులు చట్టం కిందికి వస్తాయో 1923 చట్టం రెండో షెడ్యూలు జాబితా ఇచ్చింది. గనులు, నిర్మాణాలు, పేలుడు పదార్థాలతో చేసే పని, ట్రాక్టర్ల వంటి యంత్రాలతో చేసే వ్యవసాయం, చెట్లు నరకడం, అడవి మంటలు ఆర్పడం, ఒకరి దగ్గర జీతానికి తాటి చెట్లు గీయడం ఇవన్నీ అందులో ఉన్నాయి. ఒకరకంగా ఇదే మన దేశంలో తొలి ప్రమాద వర్గీకరణ. ధర తేల్చడానికి కాకుండా, ఎవరికి రక్షణ ఉండాలో తేల్చడానికి చేసిన వర్గీకరణ అది.

పరిహారం లెక్క

పరిహారం మూడు అంకెలతో తేలుతుంది: నెల వేతనం, వయసును బట్టి షెడ్యూలులో ఇచ్చిన గుణకం, నష్టం శాతం. కార్మికుడు మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని గుణకంతో గుణిస్తారు. శాశ్వత సంపూర్ణ వైకల్యానికైతే 60 శాతాన్ని గుణిస్తారు. 2020 జనవరిలో కేంద్రం ఈ లెక్కకు తీసుకునే గరిష్ఠ నెల వేతనాన్ని 8,000 నుంచి 15,000 రూపాయలకు పెంచింది. అంతకంటే ఎక్కువ సంపాదించినా లెక్కలోకి వచ్చేది 15,000 మాత్రమే.

ఆ పరిమితి ప్రకారం 30 ఏళ్ల కార్మికుడు చనిపోతే, గుణకం 207.98 కాబట్టి, 7,500ను దాంతో గుణిస్తే 15,59,850 రూపాయలు అవుతుంది. అదే 50 ఏళ్ల వ్యక్తికి గుణకం 153.09, పరిహారం 11,48,175 రూపాయలు. అవయవ నష్టానికి మొదటి షెడ్యూలులో శాతాలు ఉన్నాయి. చేతి బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం, రెండో కన్ను బాగానే ఉండి ఒక కన్ను పోతే 40 శాతం. 30 ఏళ్ల కార్మికుడు బొటనవేలు పోగొట్టుకుంటే, సంపూర్ణ వైకల్యపు మొత్తం 18,71,820లో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు రావాలి.

షెడ్యూలు శాతమే ఎప్పుడూ తుది మాట కాదు. ఎడమ చేయి మోచేతి పైదాకా కోల్పోయిన ఒక వడ్రంగి విషయంలో 1975లో సుప్రీంకోర్టు సంపూర్ణ వైకల్యాన్ని గుర్తించింది. ఒక్క చేత్తో వడ్రంగం సాగదు కనుక అతను చేస్తున్న పనికి అతను పూర్తిగా దూరమైనట్టేనని తేల్చింది. పరిహారం బాకీ పడేది ప్రమాదం జరిగిన రోజునే అని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. నెల లోపల చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే బాకీలో 50 శాతం దాకా జరిమానా కూడా పడుతుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. వయసు, వేతనం సమానమైతే గుమాస్తా ప్రాణానికీ, క్వారీలో డ్రిల్లర్ ప్రాణానికీ చట్టం కట్టే పరిహారం ఒక్కటే. పనిని బట్టి అది మారదు. పనిని బట్టి మారేది ప్రమాదం జరిగే అవకాశం. బీమా కంపెనీ ధర కట్టేది ఆ అవకాశానికే. వర్గీకరణ మనిషి విలువను కొలవడం లేదు. అతన్ని ఎంత ప్రమాదంలో నిలబెట్టామన్నదాన్ని కొలుస్తోంది.

బీమా కంపెనీలు పనులను ఎలా విడదీస్తాయి

చాలాకాలం పాటు మన దేశంలో కార్మిక పరిహార బీమా రేట్లను టారిఫ్ అడ్వైజరీ కమిటీ నిర్ణయించేది. పరిశ్రమను, అందులోని పనిని బట్టి వేతనంలో వెయ్యికి ఇంత అని రేటు ఉండేది. అన్ని కంపెనీలూ అదే రేటు వసూలు చేసేవి. 2007 జనవరి 1 నుంచి ఆ కట్టుబాటు తొలగిపోయింది. అప్పటి నుంచి ఏ కంపెనీ రేటు ఆ కంపెనీదే. పని స్వభావం, సంస్థలో గతంలో జరిగిన ప్రమాదాలు, రక్షణ ఏర్పాట్లు, కాంట్రాక్టు కూలీల సంఖ్య చూసి ధర చెబుతారు. అయినా పాత టారిఫ్ నేర్పిన ఆలోచన పోలేదు. పాలసీ దరఖాస్తులో కార్మికులను పనుల వారీగా విడదీసి, ఒక్కో పనిలో ఎందరున్నారో, ఏడాదికి ఎంత వేతనమో ఇప్పటికీ రాయాల్సిందే.

ఇదే ఆలోచన వ్యక్తిగత ప్రమాద బీమాలోనూ కనిపిస్తుంది. అక్కడ వృత్తులను సాధారణంగా మూడు రిస్క్ గ్రూపులుగా చూస్తారు. మొదటి దాంట్లో లెక్కలు రాసేవాళ్లు, వైద్యులు, న్యాయవాదులు వంటివాళ్లు ఉంటారు. రెండో దాంట్లో నిర్మాణ కాంట్రాక్టర్లు, జీతానికి బండి నడిపే డ్రైవర్లు, మెకానిక్‌లు వస్తారు. భూగర్భ గనుల్లో, పేలుడు పదార్థాల గోదాముల్లో, హైటెన్షన్ కరెంటు లైన్ల మీద పనిచేసేవాళ్లది మూడో గ్రూపు. ఈ మూడో గ్రూపులోకి వచ్చే పనులు కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు చుట్టూ రోజువారీ ఉద్యోగాలు.

ఒకే క్వారీలో అనేక తరగతులు

తరగతి సంస్థ పేరుతో కాక మనిషి చేసే పనితో ముడిపడి ఉంటుందని చెప్పడానికి గ్రానైట్ క్వారీ మంచి ఉదాహరణ. పైమట్టి తీసే పొక్లెయిన్ ఆపరేటర్, కంప్రెషర్ పెట్టి జాక్‌హామర్‌తో బండకు రంధ్రాలు వేసే డ్రిల్లర్, మందు కూరి పేల్చే బ్లాస్టర్, వైర్‌సా నడిపేవాడు, దిమ్మెలను సుత్తీ ఉలితో చదును చేసేవాడు, క్రేన్‌కు బెల్టు తగిలించేవాడు, టిప్పర్ డ్రైవర్, కాపలాదారు, గుమాస్తా అందరూ ఒకే యజమాని జీతగాళ్లు. వాళ్ల ప్రమాదాలు మాత్రం ఒకటి కావు.

వైర్‌సా దగ్గరే చూద్దాం. వజ్రపు పొడి అద్దిన పూసలు గుచ్చిన ఉక్కు తీగ, బండలో వేసిన రంధ్రాల గుండా చుట్టూ తిరుగుతూ రాయిని కోస్తుంది. కోసేంతసేపూ దాని మీద నీళ్లు పడుతూనే ఉండాలి. వేగంగా తిరుగుతున్న ఆ తీగ తెగితే పూసలు తూటాల్లా దూసుకొస్తాయి. తీగ తిరిగే వరసలో ఎవరూ నిలబడకూడదన్నది అక్కడ అందరికీ తెలిసిన నియమం. అడ్డుతెర కట్టిన క్వారీకీ, ఆపరేటర్‌ను తీగకు ఎదురుగా నిలబెట్టిన క్వారీకీ బీమా కంపెనీ ఒకే ధర చెబితే అది న్యాయమైన ధర కాదు.

ఫ్యాక్టరీలో ప్రమాదం రూపం మారుతుంది. గ్రానైట్ ఘనపు మీటరు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న ఒక్క పలక దాదాపు 290 కిలోలు. ఇలాంటి పలకలను ఏటవాలు స్టాండ్ల మీద వరసగా నిలబెడతారు. లోడింగ్ చేసేటప్పుడు ఒక వైపు పలకలన్నీ ముందు తీసేస్తే బరువు తప్పి మిగిలినవి ఒరుగుతాయి. మధ్యలో ఉన్న హమాలీకి పక్కకు తప్పుకునే సమయం ఉండదు. అదే ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో బిల్లులు రాసే వ్యక్తికి ఈ ప్రమాదం లేదు. అందుకే ఇద్దరినీ ఒకే తరగతిలో రాయరు.

ప్రీమియం లెక్క: ఒక ఉదాహరణ

విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఊహించిన రేట్లతో ఒక లెక్క చూడవచ్చు. ఒక సంస్థకు క్వారీ, ఫ్యాక్టరీ రెండూ ఉన్నాయనుకుందాం. ఆఫీసు సిబ్బంది ఏడాది వేతనం 10 లక్షలు, ఫ్యాక్టరీ కార్మికులది 40 లక్షలు, క్వారీ కార్మికులది 30 లక్షలు. రేట్లు వరసగా వెయ్యికి 2, 15, 40 రూపాయలు అనుకుంటే ప్రీమియం 2,000, 60,000, 1,20,000 అవుతుంది. మొత్తం 1,82,000 రూపాయలు. వేతనాల్లో క్వారీ వాటా సగం కూడా లేదు. ప్రీమియంలో మాత్రం మూడింట రెండు వంతులు దానిదే.

ఇప్పుడు అదే యజమాని క్వారీ కార్మికులను కూడా ఫ్యాక్టరీ హెల్పర్లుగా రాయించాడనుకుందాం. ప్రీమియం 1,07,000కు దిగుతుంది. ఏడాదికి 75,000 రూపాయలు మిగులుతాయి. 30 ఏళ్ల డ్రిల్లర్ ఒక్కడు చనిపోతే కట్టాల్సింది 15,59,850 రూపాయలు. ఆ మిగులును ఇరవై ఏళ్లు కూడబెట్టినా ఒక్క ప్రాణానికి కట్టాల్సిన పరిహారం పూర్తిగా తేలదు.

ఏడాది మొదట్లో చెప్పే వేతనం అంచనా మాత్రమే. ఏడాది చివర అసలు హాజరు పట్టీ, వేతన రిజిస్టర్ చూసి ప్రీమియం సరిచేస్తారు. తక్కువ కట్టి ఉంటే మిగతాది వసూలు చేస్తారు, ఎక్కువ కట్టి ఉంటే తిరిగి ఇస్తారు. కాంట్రాక్టర్ తెచ్చిన కూలీలకు, వైద్య ఖర్చులకు, వృత్తి వ్యాధులకు రక్షణ కావాలంటే వాటిని విడిగా అడిగి చేర్పించుకోవాలి. మూల పాలసీలో అన్నీ ఉంటాయనుకోవడం చాలామంది యజమానులు చేసే పొరపాటు.

తప్పు తరగతి రాస్తే ఎవరికి నష్టం

తరగతి తప్పు రాసినా, మనుషుల సంఖ్య తగ్గించి చూపినా బీమా కంపెనీ చెల్లింపును నిరాకరించడానికో, తగ్గించడానికో దారి దొరుకుతుంది. హెల్పర్‌గా రాసిన మనిషి బ్లాస్టింగ్‌లో చనిపోయాడని పోలీసు కాగితాల్లో తేలితే వివాదం అక్కడే మొదలవుతుంది. చట్టం ముందు యజమాని బాధ్యత అప్పుడూ పోదు. కంపెనీ కట్టకపోతే యజమానే కట్టాలి. కాగితం మీద ఇది యజమాని నష్టమే. కానీ యజమాని చేతిలో డబ్బు లేకపోతే, కేసు ఏళ్ల తరబడి సాగితే, ఆ భారం మోసేది చనిపోయిన మనిషి భార్యాపిల్లలు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కూలీ కుటుంబమైతే తారీఖుల కోసం ఖమ్మం దాకా రావడమే వాళ్లకు పెద్ద ఖర్చు.

ఊళ్లలో ఇంకో అలవాటు ఉంది. ప్రమాదం జరిగిన రాత్రే పెద్దమనుషులు కూర్చుని ఒక మొత్తానికి రాజీ కుదిర్చి, కాగితం రాయించి, కేసు వద్దనిపించడం. మరణ పరిహారం విషయంలో అలా నేరుగా ఇచ్చిన డబ్బును చట్టం పరిహారం చెల్లింపుగా గుర్తించదు. మూడు నెలల వేతనానికి మించని అడ్వాన్సును మాత్రమే మినహాయించుకోవచ్చు. మిగతాదంతా పరిహార కమిషనర్ దగ్గర జమ చేయాలి. తెలంగాణలో ఈ బాధ్యతను కార్మిక శాఖ అధికారులు చూస్తారు. రాజీ కాగితం మీద వేలిముద్ర వేసిన కుటుంబం కూడా ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కమిషనర్ దగ్గర దావా వేయవచ్చు. ఈ ఒక్క సంగతి ఊరూరా తెలియాలి.

దుమ్ము: వర్గీకరణకు చిక్కని ప్రమాదం

ప్రమాద తరగతులు ఎక్కువగా కంటికి కనిపించే దెబ్బల లెక్కతో తయారయ్యాయి. రాతి పనిలో అంతకంటే పెద్ద శత్రువు సిలికా దుమ్ము. పొడి డ్రిల్లింగ్‌లో, కటింగ్‌లో లేచే సన్నటి దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. నీళ్లు పోస్తూ డ్రిల్ చేయడం, దుమ్మును పీల్చే యంత్రాలు, సరైన మాస్కు, ఏటా ఛాతీ ఎక్స్‌రే మాత్రమే దారి.

1923 చట్టం మూడో షెడ్యూలు సి భాగంలో సిలికోసిస్ వృత్తి వ్యాధిగా ఉంది. చట్టప్రకారం పరిహారం రావాలి. కానీ జబ్బు బయటపడేసరికి కార్మికుడు నాలుగు క్వారీలు మారి ఉంటాడు. ఎవరి దగ్గర ఎన్నేళ్లు చేశాడో చెప్పే హాజరు పట్టీ ఉండదు. వృత్తి వ్యాధుల రక్షణ పాలసీలో చేర్చి ఉండకపోవచ్చు. ఈ కారణాల వల్ల దుమ్ముతో పోయిన ప్రాణాలు క్లెయిములుగా నమోదు కావు. నమోదు కాని ప్రమాదం రేటులోకి ఎక్కదు. రేటులోకి ఎక్కని ప్రమాదాన్ని తగ్గించాలని ఎవరూ యజమానిని ఒత్తిడి చేయరు. కార్మిక పరిహార బీమాలో ఇంతకంటే లోతైన లోపం లేదు.

ఈఎస్ఐ: అందరికీ ఒకే రేటు

1948 నాటి ఈఎస్ఐ చట్టం ఇంకో దారి పట్టింది. 2019 జూలై నుంచి యజమాని వాటా వేతనంలో 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. బట్టల దుకాణమైనా, గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ అయినా రేటు ఒక్కటే. ప్రమాద తరగతి అన్న మాటే లేదు. తక్కువ ప్రమాదం ఉన్న సంస్థలు ఎక్కువ ప్రమాదం ఉన్నవాటి భారాన్ని పంచుకుంటాయి. పని ప్రమాదంలో మరణించిన కార్మికుడి ఆధారితులకు ఒకేసారి ఇచ్చే మొత్తం బదులు సగటు వేతనంలో 90 శాతం లెక్కన పింఛను వస్తుంది. ఈఎస్ఐ కిందికి వచ్చిన కార్మికుడు అదే గాయానికి నష్టపరిహార చట్టం కింద మళ్లీ అడగడానికి వీల్లేదు.

1948 చట్టం ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి గనులను తప్పించింది. దాంతో చిత్రమైన విభజన ఏర్పడింది. ఒకే యజమాని దగ్గర, ఒకే రాయి మీద పనిచేసినా ఫ్యాక్టరీలో పలకను నునుపు చేసే మనిషి ఈఎస్ఐ కిందికి, క్వారీలో ఆ రాయిని పగలగొట్టే మనిషి నష్టపరిహార చట్టం కిందికి వచ్చారు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవాడికే పింఛను లేని రక్షణ మిగిలింది. ప్రమాదకరమైన పనిగా కేంద్రం నోటిఫై చేస్తే ఒక్క కార్మికుడున్న సంస్థకు కూడా ఈఎస్ఐ వర్తించే వీలును 2020 కోడ్ కల్పించింది. వర్గీకరణను ధర పెంచడానికి కాక, రక్షణ విస్తరించడానికి వాడే మార్గం ఇది.

ఒకే రేటు పద్ధతికి బలహీనత కూడా ఉంది. రక్షణ కోసం ఖర్చు పెట్టిన ఫ్యాక్టరీకి, పెట్టనిదానికి చందా ఒక్కటే కాబట్టి ప్రమాదాలు తగ్గించినందుకు డబ్బు రూపంలో లాభం లేదు.

బొగ్గు గనులు

1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. ఇందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గనుల భద్రతా నిబంధనలు, గనుల భద్రతా డైరెక్టరేట్ తనిఖీలు, గుర్తింపు సంఘాలు, సంస్థ ఆసుపత్రులు ఉండటంతో ఇక్కడి శాశ్వత కార్మికుడి రక్షణ చిన్న క్వారీ కూలీతో పోలిస్తే ఎంతో మెరుగు. 2024లో బ్యాంకు ఖాతాలకు జతగా సింగరేణి కార్మికులకు కోటి రూపాయల ప్రమాద బీమా ఏర్పాటు చేశారు. అత్యంత ప్రమాదకరమైన తరగతిలో ఉన్న పని, పెద్ద సంస్థ, బలమైన సంఘాలు కలిస్తే మంచి రక్షణ సాధ్యమేనని దీన్ని బట్టి తెలుస్తుంది. తరగతి ఎక్కువైనంత మాత్రాన రక్షణ తగ్గాల్సిన పని లేదు; బేరం చేయగల బలం లేనిచోటే అది తగ్గుతుంది.

యజమాని లేని పనులు

పరిహార బీమా నిలబడాలంటే యజమాని ఉండాలి. సొంతంగా తాళ్లు గీసుకునే గౌడన్నకు, పాలేరులో వల వేసే మత్స్యకారుడికి, సొంత చేలో మందు కొట్టే రైతుకు యజమాని లేడు. వాళ్ల ప్రమాదం తక్కువేమీ కాదు. ఈ ఖాళీని ప్రభుత్వ పథకాలు కొంతవరకు పూడుస్తున్నాయి. 2018లో మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు మరణిస్తే, కారణం ఏదైనా, 5 లక్షలు ఇస్తుంది. 20 రూపాయల వార్షిక ప్రీమియంతో ప్రధానమంత్రి సురక్షా బీమా 2 లక్షల ప్రమాద రక్షణ ఇస్తుంది. మత్స్యకారులకు కేంద్ర పథకం కింద ప్రమాద మరణానికి 5 లక్షల సామూహిక బీమా ఉంది. గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల రక్షణ ఇస్తుంది. ఇవన్నీ పనిని బట్టి ధర మార్చని పథకాలు. ధర చౌక, పొందడం తేలిక. కానీ మొత్తం స్థిరంగా ఉంటుంది; వయసును, వేతనాన్ని బట్టి పెరగదు.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షక కవచం పేరిట రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు మీద నుంచి పడ్డాక ఇచ్చే సాయం కన్నా పడకుండా ఆపే బెల్టు మేలు. బీమా లెక్క కూడా చివరికి ఒప్పుకునేది ఇదే.

వాహనాల మీద పనిచేసేవాళ్ల పరిస్థితి కొంత వేరు. మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. లారీ, టిప్పర్ డ్రైవర్ల పట్ల యజమానికి ఉన్న పరిహార బాధ్యత కూడా అందులో చేరి ఉంటుంది. బాధితుడు ఆ చట్టం కిందనో, నష్టపరిహార చట్టం కిందనో ఏదో ఒక దారిలోనే వెళ్లాలి.

ఇతర దేశాల్లో

జర్మనీ 1884లో పారిశ్రామిక ప్రమాద బీమా చట్టం తెచ్చింది. అక్కడ యజమానుల సంఘాలు పరిశ్రమల వారీగా ప్రమాద తరగతులు నిర్ణయిస్తాయి. జపాన్‌లో యజమాని కట్టే రేటు పరిశ్రమను బట్టి వేతనంలో వెయ్యికి 2.5 నుంచి 88 దాకా ఉంటుంది. అత్యధిక రేటు గనులది. అమెరికాలో చాలా రాష్ట్రాలు ప్రతి పనికీ ఒక సంకేత సంఖ్య కేటాయించే పద్ధతి పాటిస్తాయి. ఆఫీసు గుమాస్తా పనికి 8810, ఇంటి కప్పు వేసే పనికి 5551. ప్రతి 100 డాలర్ల వేతనానికి ఇంత అని రేటు ఉంటుంది. ఆ సంస్థలో గత ప్రమాదాల చరిత్రను బట్టి దాన్ని ఒక గుణకంతో పెంచుతారు, తగ్గిస్తారు. సగటు సంస్థకు ఆ గుణకం 1. ప్రమాదాలు తక్కువైతే 1 కంటే తక్కువ. తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన టెక్సస్‌లో మాత్రం ప్రైవేటు యజమానికి ఈ బీమా తప్పనిసరి కాదు. అక్కడ దుకాణమో, హోటలో నడిపే తెలుగు యజమాని ముందున్న ప్రశ్న, కుసుమంచి దగ్గర క్వారీ యజమాని ముందున్న ప్రశ్న ఒకటే: కట్టమని చట్టం బలవంతం చేయకపోయినా కట్టాలా, వద్దా?

మన దేశంలో నష్టపరిహారం ఇవ్వడం తప్పనిసరి. ఆ బాధ్యతకు బీమా తీసుకోవడం మాత్రం 1923 చట్టం తప్పనిసరి చేయలేదు. దాని ఫలితం ఊహించదగ్గదే. ప్రమాదం ఎక్కువగా ఉన్న పనికి ప్రీమియం ఎక్కువ. ప్రీమియం ఎక్కువైనచోట చిన్న యజమాని బీమాను వదిలేస్తాడు. రక్షణ అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే అది లోపిస్తుంది. ప్రమాదాల చరిత్ర ధరను పెంచుతుందని తెలిసిన యజమాని చిన్న గాయాలను దాచే అవకాశం కూడా ఉంది. ఏ దేశంలోనైనా ఈ పద్ధతి మీద వచ్చే విమర్శ ఇదే.

చూసుకోవాల్సినవి

వర్గీకరణ నిజాయితీగా ఉంటే ధర ఒక హెచ్చరికలా పనిచేస్తుంది. డ్రిల్లింగ్‌కు రేటు ఎందుకు ఎక్కువో యజమాని అడగాలి. నీటి డ్రిల్లు, వైర్‌సాకు అడ్డుతెర, బెల్టులకూ తాళ్లకూ తనిఖీ, అర్హత ఉన్న బ్లాస్టర్, పనిని పర్యవేక్షించే మేట్ ఉన్నారని చూపించి రేటు తగ్గించమని బేరమాడాలి. పాలసీలో కాంట్రాక్టు కూలీలు, వృత్తి వ్యాధులు చేరాయో లేదో చూసుకోవాలి. పని మారిన మనిషి తరగతిని ఏడాది మధ్యలోనైనా మార్పించాలి.

కార్మికుడికి కావాల్సినవి ఇంకా తక్కువ: హాజరు పట్టీలో తన పేరు, తను నిజంగా చేసే పని పేరు, అందుకునే వేతనం. ఈ మూడూ సరిగ్గా ఉంటే బీమా ఉన్నా లేకపోయినా పరిహారం రాబట్టుకునే దారి ఉంటుంది. ఇవి తప్పుగా ఉంటే ఎంత మంచి పాలసీ ఉన్నా కుటుంబం కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. మేస్త్రి చేతిలోని పుస్తకంలో ‘హెల్పర్’ అన్న చోట ‘డ్రిల్లర్’ అని రాయించడానికి అయ్యే ఖర్చు ఏడాదికి కొన్ని వేల రూపాయల ప్రీమియం. ఆ ఖర్చు యజమాని భరించాల్సిందే, ఎందుకంటే ఆ ప్రమాదంలోకి మనిషిని పంపేది ఆయనే. అది భరించేలా చూడటం కార్మిక శాఖ, గనుల శాఖ, బీమా కంపెనీలు, సంఘాలు కలిసి చేయాల్సిన పని.